పుస్తకముల మూట మోసిన ప్రచురణకర్త: వట్టికోట ఆళ్వారుస్వామి

కాజీపేట నుండి ఉత్తరముగ సాగు రైలుదారి పెద్దపల్లిని, రామగుండమును దాటి, గోదావరి వంతెన మీదుగ మంచిర్యాల చేరి, అచ్చటినుండి బల్లార్షాకు పోవును. 1920వ దశకము ముగియునప్పటికి ఈ దారి పూర్తియై మదరాసును ఢిల్లీతో కలిపెను. పెద్దపల్లి అప్పుడు నిజాం రాజ్యమున కరీంనగరము జిల్లాలోని ఊరు. దాని తూర్పున వేదవిద్యకు పేరొందిన మంథని కలదు. రైలు వచ్చినది, దానితోపాటు పట్టణపు సరకులును వచ్చినవి. కాని తెలుగు పుస్తకము మాత్రము అంత సులభముగ రాలేదు. ఆ కాలమున ఈ ప్రాంతపు బడిపంతులెవరైన ఒక తెలుగు నవల చదువగోరినచో, దానిని కొనుటకు అంగడి లేదు. అరువు తెచ్చుకొనుటకు గ్రంథాలయములు మిక్కిలి కొద్ది. తెప్పించుకొందమన్న మదరాసు, బెజవాడ, రాజమహేంద్రవరములు వేరొక ప్రభుత్వపు ఏలుబడిలో ఉండెను.

అచ్చుపడిన పుస్తకమునకును చదువరికిని నడుమ గల ఈ దూరమును తన కాళ్ళతో కొలిచిన వ్యక్తి వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయనను నవలాకారుడుగను, ఉద్యమకారుడుగను చాలమంది ఎరుగుదురు. ఆయన జీవితమున ప్రచురణ పని కూడ వానితో సమానమైన పాలు గలది. పుస్తకమును వ్రాయించి, అచ్చువేయించి, తప్పులు దిద్ది, మూటగట్టి, భుజమున మోసికొని పోయి చదువరి చేతిలో పెట్టుట వరకు గల పనులన్నియు ఒక్క మనుష్యుడే చేయుట మన భాషాచరిత్రలో అరుదు.

నాటి తెలంగాణమున చదువు

ఆ పని విలువ తెలియవలెనన్న నాటి స్థితిని కొంత తెలిసికొనవలెను. నిజాం రాజ్యమున పరిపాలనాభాష ఉర్దూ. 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధన ఉర్దూలోనే సాగెను. ప్రజలలో ఎక్కువమంది తెలుగు మాటాడువారైనను, తెలుగు చదువ నేర్చినవారు కొద్దిమంది. 1930వ దశకమున అక్షరాస్యులు నూటికి పదిమందికి లోపే. సొంతముగ బడి పెట్టుకొనవలెనన్నను, సభ జరుపుకొనవలెనన్నను ప్రభుత్వపు అనుమతి కావలసియుండెను. సభలను అదుపులో పెట్టిన గస్తీ నిశాన్ 53 అను ఉత్తరువు పేరు ఆ తరమువారెవరును మరచిపోలేదు. పదిమంది కూడి పత్రిక చదువుకొను గదిని సైతము అధికారులు అనుమానముతో చూచెడివారు.

ఈ స్థితిలో గ్రంథాలయమే తెలుగువారికి బడియు, సభయు, అంగడియు అయ్యెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దానికి మూలపురుషులు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడెను. 1906లో లక్ష్మణరావు మొదలగువారు హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రము, శాస్త్రము, నవల అను మూడు శాఖలందును గ్రంథములు వెలువరించిరి. కాని రెండేండ్లు గడువకముందే ఆ మండలి మదరాసునకు తరలిపోయెను. తెలుగు అచ్చుకూటములును, కొనువారును అచ్చట ఎక్కువ. గ్రంథాలయోద్యమము మాత్రము ఇచ్చట ఆగలేదు. 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును గ్రంథాలయ మహాసభలు జరిగెను.

సర్కారు జిల్లాలలో ఈ పని ఇంకొక రీతిగ విస్తరించెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణము. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా కాలువలపై పడవలో గ్రంథాలయమును నడిపెను. వినోదమునకై చదువు నవలలకును అచ్చట గిరాకి పెరిగెను. వంగభాషనుండి తెచ్చిన కథలు, అపరాధ పరిశోధక నవలలు మాలలు మాలలుగ వెలువడెను. 1912లో జన్మించిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు వేయికి పైగా నవలలు వ్రాసెను. ఆయన చిన్న నవలలు రైల్వే స్టేషనులలో అమ్ముడుపోయి, బండి ఎక్కిన ప్రయాణికునకు దిగువరకు తోడయ్యెడివి.

లోకమున అన్నిచోట్లను కథాసాహిత్యము ఇట్లే వ్యాపించినది. ఇంగ్లండులో 1842 నుండి మ్యూడీ అను వ్యాపారి ఏడాదికి ఒక గినీ చందా గైకొని నవలలను అద్దెకిచ్చెను. నవల వెల అధికమై సామాన్యుడు కొనలేని కాలమది. 1848లో డబ్ల్యూ. హెచ్. స్మిత్ కంపెనీవారు లండనులోని యూస్టన్ రైల్వే స్టేషనులో పుస్తకాల కొట్టు తెరచిరి. 1935లో పెంగ్విన్‌వారు మంచి నవలను ఆరు పెన్నీలకే అందించిరి. అద్దె గ్రంథాలయము, రైల్వే కొట్టు, చౌక ముద్రణ – ఈ మూడును పుస్తకమును జనులవద్దకు చేర్చిన త్రోవలు. తెలంగాణమున ఈ మూడును సరిగ లేని కాలమున ఆళ్వారుస్వామి పుట్టి పెరిగెను.

వంటపనిలో దొరికిన విద్య

ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1వ తేదీన నల్లగొండ జిల్లా నకిరేకల్లు సమీపముననున్న చెరువు మాదారమను గ్రామమున జన్మించెను. తండ్రి రామచంద్రాచార్యులు, తల్లి సింహాద్రమ్మ. పేద వైష్ణవ కుటుంబము. బాల్యముననే తండ్రి మరణించుటతో కుటుంబమునకు ఆధారము పోయెను. చదువుకొనవలెనను కోరిక మాత్రము బాలుని విడువలేదు.

ఆ కోరిక తీరిన విధము గమనింపదగినది. సీతారామారావు అను ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెట్టుచు ఆయనయొద్ద చదువుకొనెను. జీతమునకు మారుగ విద్య లభించినది. బడిచదువు పెద్దగ సాగకపోయినను చదువుటయందు రుచి ఏర్పడెను. అది జీవితాంతము నిలిచెను. ఒక పేద బాలునకు ఒక ఉపాధ్యాయుని ఇంటిలో దొరికిన ఆ చోటే తరువాత వేలమంది చేతికి పుస్తకములు చేరుటకు మూలమయ్యెను. పొట్టకూటికై ఆయన బెజవాడకును పోయి అచ్చట ఒక హోటలులో సర్వరుగ పనిచేసెను. బెజవాడ అప్పటికి గ్రంథాలయోద్యమమునకు, పత్రికలకు, జాతీయోద్యమమునకు కేంద్రము. నిజాం రాజ్యమున కానరాని పుస్తకములును, బహిరంగ సభలును ఆ ఊర నిత్యకృత్యములు. వంటవాడుగ, సర్వరుగ బ్రతికిన ఈ దినములు ఆయన రచనలలో తరువాత ప్రతిఫలించెను. పనివాండ్ర మాటతీరును, ఆకలిని, ఆత్మగౌరవమును ఆయన పుస్తకములలో చదివి నేర్చినవాడు కాడు.

1930వ దశకపు తొలి సంవత్సరములలో ఆయన హైదరాబాదు చేరెను. సురవరము ప్రతాపరెడ్డి 1926 మే 10వ తేదీన ప్రారంభించిన గోలకొండ పత్రికలో ప్రూఫు రీడరుగ కుదిరెను. తెలంగాణమున కవులే లేరన్న మాటకు సమాధానముగ 1934లో ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించినది ఈ కాలముననే. ప్రూఫులు దిద్దువాడు రచనను అక్షరమక్షరముగ చదువును. కంపోజింగు ఎట్లు సాగునో, కాగితమునకెంత యగునో, ఫారము అనగా ఎన్ని పుటలో, ఏ తప్పు ఏ అజాగ్రత్తవలన వచ్చునో అతనికి తెలియును. కళాశాల మెట్లెక్కని ఆళ్వారుస్వామికి అచ్చుకూటమే కళాశాల యయ్యెను.

దేశోద్ధారక గ్రంథమాల

1938 ఏప్రిలు 11వ తేదీన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్వర్గస్థులైరి. అమృతాంజనముచే ఆర్జించిన ధనమును ఆంధ్రపత్రికకును, భారతికిని, ఆంధ్రగ్రంథమాలకును వెచ్చించిన ఆ మహనీయుని బిరుదమును తన సంస్థకు పేరుగ పెట్టి, ఆ సంవత్సరముననే ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేండ్లు. పంతులుగారికి వ్యాపారమున వచ్చు రాబడి యుండెను. ఆళ్వారుస్వామికి ప్రూఫులు దిద్దగ వచ్చు కూలి తప్ప వేరు ఆధారము లేదు. అయినను ఆ పేరు పెట్టుకొనుటలో ఒక నిశ్చయము కానవచ్చును. నాగేశ్వరరావు మదరాసునుండి చేసిన పనిని తెలంగాణమున చేయవలెనని ఆయన తలంపు.

అదే కాలమున హైదరాబాదున కె. సి. గుప్త నడపిన అణా గ్రంథమాల ఒక అణా వెలకే పుస్తకములను అందించుచుండెను. సాధన సమితివంటి సాహిత్య సంఘములును తలయెత్తెను. తెలుగు పుస్తకము చౌకగ దొరకవలెనన్న భావము నగరమున బలపడుచుండెను. దేశోద్ధారక గ్రంథమాల ఆ భావమునకు ఊళ్ళత్రోవ చూపెను. కథలు, వ్యాసములు, చరిత్ర, రాజకీయము మున్నగు విషయములపై ముప్పదికి పైగా గ్రంథములు ఆ మాలలో వెలువడెను. తెలంగాణపు చరిత్రను, సంస్కృతిని, ప్రజాజీవితమును గూర్చి పలువురు రచయితలు వ్రాసిన వ్యాసములను తెలంగాణము అను పేర సంపుటములుగ ఆయన ప్రకటించెను. ఈ ప్రాంతమును గూర్చి ఈ ప్రాంతమువారే వ్రాసి, ఈ ప్రాంతముననే అచ్చువేసికొని చదువుకొనవలెనను సంకల్పము ఆ సంపుటములకు ప్రాతిపదిక.

గ్రంథప్రచురణమునందలి కష్టము పుస్తకమును అచ్చువేయుటతో తీరదు. అచ్చుకూలియు, కాగితపు ఖరీదును ముందే చెల్లింపవలెను. పుస్తకములు అమ్ముడుపోయిన పిదప గాని ఆ ధనము తిరిగిరాదు. ఆ తిరిగివచ్చిన ధనముతోనే రెండవ పుస్తకము వెలువడవలెను. అంగళ్ళు గల చోట పుస్తకవ్యాపారి నడుమనుండి కొంత లాభము తీసికొని ఈ భారమును పంచుకొనును. అంగళ్ళు లేనిచోట పంచుకొనువారు లేరు. నిజాం రాజ్యమునకు నాణెము వేరు, తపాలా వేరు. బ్రిటిషు కల్దారు రూపాయికంటె హాలీ రూపాయి విలువ తక్కువగుటచే పొరుగునుండి తెప్పించు పుస్తకము ఇచ్చటి చదువరికి మరింత ప్రియమయ్యెడిది. దీనికితోడు 1939లో ప్రపంచ యుద్ధము మొదలయి కాగితపు కరవు తెచ్చెను. ఈ చిక్కులన్నిటికిని ఆళ్వారుస్వామి కనుగొనిన పరిష్కారమొక్కటే. తానే నడచి పోవుట.

ఊరూరు తిరిగిన గ్రంథాలయము

పుస్తకములను సంచులలో నింపి, మూటగట్టి, భుజమునను తలపైనను మోసికొని ఆయన తెలంగాణపు ఊళ్ళు తిరిగెను. సభ ఎచ్చట జరిగిన అచ్చట ఆయన పుస్తకములతో ప్రత్యక్షమయ్యెడివాడు. ఆంధ్రమహాసభ సమావేశములు ఆ రోజులలో జిల్లా జిల్లాకు మారుచు జరిగెడివి. 1930లో జోగిపేట, 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మము, 1935లో కరీంనగరము జిల్లా సిరిసిల్ల, 1937లో నిజామాబాదు ఆ సభలకు వేదికలయ్యెను. ఆ సభలకు వచ్చిన రైతులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, వకీళ్ళు తెలుగు పుస్తకము కొనదగినవారు. ఊరికి పోయిన పిమ్మట ఒక్కొక్క పుస్తకమును పదిమంది చదివెడివారు. చదువరానివారు కూర్చుండి వినెడివారు. ఇట్లు ఒక ప్రతి ఒక చిన్న గ్రంథాలయమయ్యెడిది.

అమ్ముటతో ఆయన పని పూర్తికాలేదు. ఊరూర గ్రంథాలయము పెట్టింపవలెనన్న పట్టుదల ఆయనకుండెను. పుస్తకమును కొనగలవాడు కొనును. కొనలేనివాని కొఱకు గ్రంథాలయముండవలెను. ప్రచురణకర్తకు ఈ రెండును పరస్పర విరుద్ధములుగ తోచవచ్చును. ఒక ప్రతిని వందమంది ఉచితముగ చదివినచో తొంబదితొమ్మిది ప్రతుల అమ్మకము పోయినదని లెక్కించు వ్యాపారులు లేకపోలేదు. ఆళ్వారుస్వామి నడచిన త్రోవ వేరు. చదువు అలవాటే లేనిచోట మొదట చదువరిని తయారుచేయవలెను. చదువరి తయారైన పిదప పుస్తకము దానంతటదియే పోవును. గ్రంథాలయము అమ్మకమునకు పోటీ గాక పునాది యగునని ఆయన ఆచరణ చెప్పుచున్నది.

ఇందువలన ఆయనకు ధనము మిగిలినదా యన్న లేదనియే చెప్పవలెను. ఆయన పేదవాడుగనే జీవించెను. పుస్తకమే ఆయనకు ఉద్యమము. ఉద్యమమే ఆయనకు వృత్తి. ఆంధ్రమహాసభయందును, నగరమున కార్మికుల, గుమాస్తాల సంఘములయందును ఆయన పనిచేసెను. మహాసభలో అభిప్రాయభేదములు పెరిగి 1944లో భువనగిరి సమావేశముతో చీలిక యేర్పడినప్పుడు ఆయన రావి నారాయణరెడ్డి మొదలగువారి పక్షమున నిలిచెను. ఫలితముగ చెరసాల తప్పలేదు.

కాగితము లేని ప్రచురణ

1940వ దశకపు రెండవ సగమున అధికభాగమును ఆయన చెరసాలలలోనే గడపెను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన అంతరించినను, కమ్యూనిస్టుగ పేరుపడిన ఆయనకు వెంటనే విడుదల కలుగలేదు. ఆ చెరవాసమునందలి ఒక ఘట్టము తెలుగు సాహిత్యలోకమున అందరును చెప్పుకొనునది.

నిజామాబాదు చెరసాలలో యువకవి దాశరథి కృష్ణమాచార్యయు ఆయనతో నుండెను. కవికి కాగితమును కలమును లేవు. దాశరథి పండ్లు తోముకొను బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెడివాడనియు, అధికారులు వానిని తుడిపించివేసెడివారనియు, తుడుపుటకు ముందే ఆళ్వారుస్వామి వానిని కంఠస్థము చేసికొని నలుగురికి వినిపించెడివాడనియు చెప్పుదురు. అచ్చుకూటము లేదు, కాగితము లేదు, మూట లేదు. అయినను రచనను చదువరికి చేర్చు పని ఆగలేదు. 1949లో వెలువడిన అగ్నిధారను దాశరథి వట్టికోట ఆళ్వారుస్వామికి అంకితమిచ్చెను. రాజులకును, జమీందారులకును, ధనికులకును కావ్యములు అంకితమిచ్చిన మన సంప్రదాయమున, ఒక వంటవాడుగ జీవితము మొదలిడి పుస్తకములు మోసిన మనుష్యునకు ఒక కావ్యము అంకితమగుట చిన్న విషయము కాదు.

చెరసాల ఆయనను కథకునిగ కూడ చేసెను. అచ్చట తాను చూచిన ఖైదీల జీవితములను జైలు లోపల అను కథల సంపుటిలో చిత్రించెను. దొంగలు, హంతకులు అని లోకము పేరుపెట్టినవారిని మనుష్యులుగ చూచి, వారిని అచ్చటికి తెచ్చిన కారణములను ఆ కథలలో విప్పి చూపెను. రాజకీయ ఖైదీ తన త్యాగమును వర్ణించుకొనుటకు మారుగ ప్రక్కగదిలోని మామూలు ఖైదీ కథ చెప్పుట ఆ సంపుటి విశేషము.

ప్రజల మనిషి

విడుదలయైన పిదప ఆయన మరల సాహిత్యరంగమున ప్రవేశించెను. 1951లో ఏర్పడిన తెలంగాణ రచయితల సంఘమున పాల్గొనెను. 1955లో ఆయన నవల ప్రజల మనిషి వెలువడెను. తెలంగాణపు పల్లె జీవితమును, అచ్చటి దొరతనమును, వెట్టిని, దానికెదురు తిరుగుటకు జనులు కూడదీసికొనిన ధైర్యమును నేరుగ చిత్రించిన తొలి నవలగ విమర్శకులు దానిని పేర్కొందురు. కథాస్థలము దిమ్మెగూడెమను పల్లె. దొర రామభూపాలరావు. నాయకుడు కంఠీరవము. సాయుధపోరాటమునకు ముందటి కాలము, ఆంధ్రమహాసభ పల్లెలను మేలుకొలుపుచున్న కాలము అందు వర్ణితమైనది.

ఈ నవలకును ఆయన ప్రచురణ జీవితమునకును సంబంధము కలదు. పల్లెలు తిరిగినవాడు ఊరి దొర గడీని, పట్వారీ లెక్కలను, వెట్టివాండ్ర గుడిసెలను చూడక తప్పదు. పుస్తకము అమ్ముటకు పోయినవాడు జనుల మాటలు మూటగట్టుకొని వచ్చెను. ఆ మాటలే నవలలో పాత్రల నోట వినవచ్చును. అంతవరకు తెలుగు నవలలో తెలంగాణపు పల్లెకు చోటు అంతంతమాత్రము. సర్కారు జిల్లాల అగ్రహారములు, వంగదేశపు జమీందారీ గృహములు, రాజపుత్రుల కోటలు నవలలనుండి చదువరికి పరిచయమైనవి. పెద్దపల్లి, జగిత్యాల, ఆదిలాబాదు ప్రాంతపు చదువరికి తన ఊరివంటి ఊరు, తన దొరవంటి దొర, తన మాటవంటి మాట అచ్చులో కనబడుట అపూర్వానుభవము. పుస్తకము దూరము రెండు విధములు. అంగడి దూరముగ నుండుట ఒకటి. అందలి జీవితము దూరముగ నుండుట రెండవది. మొదటి దూరమును మూట మోసి తగ్గించినవాడు, రెండవ దూరమును నవల వ్రాసి తగ్గించెను.

దీనికి అనుబంధముగ గంగు అను నవలను ఆయన మొదలుపెట్టెను. అది పూర్తికాకమునుపే, 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలుబదియైదేండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. ఆ అసంపూర్ణ నవల ఆయన మరణానంతరము అచ్చయ్యెను. తెలంగాణ జీవితమును నవలలలో వరుసగ చెప్పు ఆ పనిని తరువాత దాశరథి రంగాచార్య అందుకొనెను. 1969లో వెలువడిన చిల్లర దేవుళ్ళు ఆ త్రోవలోనిదే.

ఆయన తరువాత

ఆళ్వారుస్వామి జీవితపు చివరి సంవత్సరములలో గ్రంథాలయములకు చట్టపు బలము చేకూరెను. 1955లో హైదరాబాదు రాష్ట్రమున గ్రంథాలయ చట్టము వచ్చెను. 1960లో ఆంధ్రప్రదేశమంతటికిని ఒక చట్టము ఏర్పడెను. ఇంటిపన్నుతోపాటు వసూలగు గ్రంథాలయపు పన్నుతో జిల్లా గ్రంథాలయములు, శాఖలు నడచుటకు వీలు కలిగెను. ఒకనాడు అనుమానాస్పదమైన చదువుగది ప్రభుత్వపు బాధ్యత యయ్యెను.

ఆయన పోయిన దశాబ్దముననే తెలుగు నవలకు ఇంకొక కాలము ప్రారంభమైనది. వారపత్రికలలోను, మాసపత్రికలలోను సీరియల్ నవలలు ఇంటింట ప్రవేశించెను. ఎమెస్కోవారు చిన్న పరిమాణపు చౌక పుస్తకములను వెలువరించిరి. తరువాత ఇంటింటి గ్రంథాలయమను పథకముతో చదువరి ఇంటికే పుస్తకములను పంపిరి. 1960వ దశకమున యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవల స్త్రీలలో అపారమైన ఆదరణ పొందెను. పట్టణపు వీధులలో అద్దె పుస్తకాల కొట్లు వెలసెను. కొంత డిపాజిట్టు కట్టి, దినమునకు కొన్ని పైసల చొప్పున అద్దె చెల్లించి నవల ఇంటికి తీసికొనిపోయెడివారు. అట్టలు చినిగి, పుటలు నలిగి, ఎన్ని ఇండ్లు తిరిగినదో చెప్పగల పుస్తకములు ఆ కొట్లలో ఉండెడివి. ఇంటిపని ముగించుకొని మధ్యాహ్నము చదువుకొను గృహిణులు, సెలవుల నాటి విద్యార్థులు, చిన్న ఉద్యోగులు వానికి చందాదారులు. దూరదర్శనము ఇంటింట వెలిగిన తరువాత, 1990వ దశకము నుండి ఆ కొట్లు ఒక్కటొక్కటిగ మూతపడెను.

ఆ అద్దె నవలలకును ఆళ్వారుస్వామి మోసిన పుస్తకములకును పోలిక యున్నదా యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ఉద్దేశమున భేదము కలదు. అవి కాలక్షేపమునకు, ఇవి మేలుకొలుపునకు. ఆళ్వారుస్వామి సాహిత్యమును ప్రజల విముక్తికి సాధనముగ భావించినవాడు. వినోదమే పరమావధిగ గల నవల ఆయనకు తృప్తినిచ్చియుండదు. అయినను చదువరి పక్షమునుండి చూచినచో ఒక సామ్యము కానవచ్చును. తన ఊర, తనకు అందుబాటైన వెలకు, తన భాషలో పుస్తకము దొరకుట చదువరికి మొదటి హక్కు. అందిన పుస్తకమును బట్టి రుచి మారును. రుచి మారిన చదువరి మరింత మంచి పుస్తకమును అడుగును. అందనే అందని పుస్తకము ఎంత ఉత్తమమైనను ఎవరి రుచిని మార్చలేదు. కాలక్షేపపు నవల చదివిన చేతులలో కొన్ని ప్రజల మనిషిని కూడ పట్టుకొన్నవి.

నాటి కరీంనగరము జిల్లానుండి 2016లో పెద్దపల్లి వేరు జిల్లాగ ఏర్పడినది. ఉర్దూ మాత్రమే విద్యకు త్రోవయైన కాలము గడచినది; అనుమతి లేనిదే సభ పెట్టరాదను ఉత్తరువు చరిత్రలో కలిసిపోయినది. పుస్తకమునకు నేడు రైలు, బస్సు, తపాలా అన్నియు కలవు. ఇన్ని కలిగినను బడిలోని బీరువాకు తాళము వేసియున్నచో పిల్లవానికి పుస్తకము 1938లో నెంత దూరమో నేడును అంతే దూరము. ఆ తాళమును తీయుట ఉపాధ్యాయుని చేతిలోని పని. అందులో ఒక పుస్తకమును తీసి, ఇంటికి పోవు బాలుని సంచిలో పెట్టుటకు ప్రభుత్వపు అనుమతి గాని, పెద్ద ధనము గాని అక్కరలేదు. సీతారామారావు అను ఉపాధ్యాయుడు వంటకు వచ్చిన పేద బాలునకు చేసినది దాదాపు అంతే. ఆ బాలుడు దానిని మూటగట్టి తెలంగాణమంతట పంచెను.